కారుతో చుట్టరికం: సూరత్ వైపు నుంచి ఒక పరిశీలన

2024 నవంబరులో గుజరాత్‌లోని అమ్రేలి జిల్లా లాఠీ తాలూకాలో, ఒక పల్లెలో సమాధి కార్యక్రమం జరిగింది. పూలదండలు వేశారు, గుడ్డ కప్పారు, పురోహితులు మంత్రాలు చదివారు. పొలంలో లోతుగా తవ్విన గోతిలోకి దించి, పొక్లెయిన్‌తో మట్టి పోశారు. సుమారు 1500 మంది వచ్చారు, భోజనాలు చేశారు. ఖర్చు దాదాపు 4 లక్షల రూపాయలని వార్తల్లో వచ్చింది. మట్టిలోకి వెళ్లింది సుమారు పన్నెండేళ్లు వాడిన వ్యాగన్ ఆర్ కారు. అది ఇంటికి వచ్చాకే సూరత్‌లో తమ నిర్మాణ వ్యాపారం కలిసొచ్చిందనీ, నలుగురిలో గౌరవం పెరిగిందనీ, దాన్ని ఎవరికో అమ్మడానికి మనసొప్పలేదనీ ఆ కుటుంబం చెప్పింది.

ఆ వీడియో దేశమంతా తిరిగింది. డబ్బెక్కువైతే ఇలాగే ఉంటుందన్నారు కొందరు, మూఢనమ్మకమన్నారు మరికొందరు. నాకైతే అందులో వింతకంటే నిజాయితీ ఎక్కువగా కనిపించింది. అమ్మేసిన పాత కారును కొన్నవాళ్లు తోలుకుపోతుంటే, వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడి చూసే కుటుంబాలు మన ఊళ్లలో ఎన్ని లేవు? చాలామంది లోపల అనుకునేదాన్ని ఆ ఇంటివాళ్లు బంధువులందరి ముందు చేసి చూపించారు, అంతే. ఇనుము, ప్లాస్టిక్, రబ్బరు కలిపిన ఒక యంత్రం మీద మనిషికి ఇంత మమకారం ఎలా పుడుతుందన్నది మనస్తత్వ శాస్త్రం కొన్ని దశాబ్దాలుగా తవ్వుతున్న ప్రశ్న. మన రవాణా విధానాలు మాత్రం అలాంటి ప్రశ్న ఒకటుందని గుర్తించినట్టే కనిపించవు. నా అభ్యంతరమల్లా అక్కడే.

ముందు సూరత్ సంగతి. వజ్రాల సాన, బట్టల నేత, ఈ రెండూ ఆ ఊరి బతుకు. రెండింటికీ చేతులిచ్చింది ఎక్కువగా బయటి నుంచి వచ్చినవాళ్లే. సౌరాష్ట్ర పల్లెల నుంచి వజ్రాల పనికి వచ్చారు. మన కరీంనగర్, సిరిసిల్ల, నల్గొండ వైపు నుంచి, ఒడిశా నుంచి మరమగ్గాల పనికి వెళ్లారు. అక్కడి మున్సిపల్ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఆ వలస ఎంతటిదో తెలుస్తుంది. వలస వెళ్లినవాడికి ఒక చిక్కుంది. సంపాదన పట్నంలో, దాన్ని చూసి మెచ్చుకోవలసినవాళ్లు ఊళ్లో. పట్నంలో కొన్న ఫ్లాటును ఊరికి తీసుకెళ్లి చూపించలేం. కారును చూపించవచ్చు. పండక్కి అది ఊరి మొగలో తిరిగితే చాలు, ఇక మాటలతో చెప్పుకోవాల్సిన పనిలేదు.

ఈ సంగతి బాగా తెలిసిన మనిషి సూరత్ వజ్రాల వ్యాపారి సావ్‌జీ ఢోలకియా. ఆయనదీ లాఠీ తాలూకాయే, దూధాలా గ్రామం. ఆయన సంస్థ హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ 2014 దీపావళికి 491 మంది ఉద్యోగులకు కార్లు ఇచ్చింది. 2016లో 1260 కార్లు ప్రకటించింది. 2018లో మరో 600 కార్లు. ఆ ఏడాది కొందరికి ప్రధానమంత్రి చేతుల మీదుగా తాళాలు ఇప్పించారు. అంత డబ్బూ బ్యాంకు ఖాతాల్లో వేసి ఉంటే ఏమయ్యేది? ఉద్యోగి అప్పు తీర్చుకునేవాడు, పిల్లల ఫీజు కట్టేవాడు, ఆర్నెల్లలో ఆ బోనసు ఎటుపోయిందో అతనికే గుర్తుండేది కాదు. వాకిట్లో నిలబడ్డ కారు రోజూ కనిపిస్తుంది, దాన్ని ఇచ్చినవాడు రోజూ గుర్తొస్తాడు. అది ఉదారత అనండి, వ్యాపార తెలివి అనండి, మనిషి మనసు మీద ఉన్న లెక్క మాత్రం సరైనదే.

అమెరికన్ పరిశోధకుడు రస్సెల్ బెల్క్ 1988లో రాసిన ఒక పెద్ద వ్యాసంలో, మన వస్తువులు 'నేను' అనే భావనలో భాగమైపోతాయని వాదించాడు. ఇల్లు, నగలు, కారు పోయినప్పుడు మనకు కలిగేది ఆస్తి నష్టం ఒక్కటే కాదనీ, మనలో ఏదో తగ్గిపోయినట్టు అనిపిస్తుందనీ ఆయన మాట. తన చేతికి వచ్చినదానికి మనిషి ఎక్కువ విలువ కడతాడని డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. విద్యార్థుల్లో సగంమందికి మామూలు కాఫీ మగ్గులు ఇచ్చి, అమ్ముతారా అని అడిగారు. మగ్గు ఉన్నవాళ్లు అడిగిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు ఉంది. కొన్ని నిమిషాల ముందు చేతికొచ్చిన మగ్గు సంగతే ఇలా ఉంటే, పన్నెండేళ్లు పెళ్లిళ్లకూ ఆస్పత్రులకూ తిరిగిన కారు సంగతి చెప్పనక్కర్లేదు.

కారుకే ప్రత్యేకమైన అధ్యయనం కావాలంటే నెదర్లాండ్స్ పరిశోధకురాలు లిండా స్టెగ్ 2005లో ప్రచురించినదాన్ని చూడాలి. గ్రోనింగన్, రోటర్‌డామ్ నగరాల్లో జనాన్ని ప్రశ్నావళితో అడిగి, కారు వాడకం వెనక మూడు రకాల కారణాలను ఆమె విడదీశారు. ఒకటి పని జరగడం, అంటే సమయం, ఖర్చు, సౌకర్యం. రెండోది నలుగురిలో స్థానం. మూడోది నడపడంలోని ఆనందం. ఎందుకు కారెక్కుతున్నావని అడిగితే ఎవరైనా మొదటిదే చెబుతారు. కానీ రద్దీ వేళల్లో ఆఫీసుకు కారులో వెళ్లేవాళ్ల వాడకంతో గట్టిగా ముడిపడింది మొదటిది కాదు, మిగతా రెండూ. మనం పైకి చెప్పే కారణం ఒకటి, నడిపించే కారణం ఇంకొకటి.

దీనికి మన దేశంలో పెద్ద ఉదాహరణ టాటా నానో. లక్ష రూపాయల కారు అన్న మాటతో 2009లో వచ్చింది, గుజరాత్‌లోని సానంద్‌లో దానికోసం కర్మాగారం కట్టారు. అవసరం లెక్కన చూస్తే అంతకంటే తెలివైన వస్తువు లేదు. స్కూటరు మీద భార్యాపిల్లలతో వానలో తడుస్తూ వెళ్లే మనిషికి నాలుగు చక్రాలు, ఒక పైకప్పు. అయినా జనం ఆశించినంతగా కొనలేదు. మొదట్లో కొన్ని కార్లు తగలబడటం, ఉత్పత్తి ఆలస్యం కావడం లాంటి కారణాలూ ఉన్నాయి. కానీ 'అన్నిటికంటే చవక కారు' అన్న ముద్ర పడటమే పెద్ద దెబ్బని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. స్కూటరు నుంచి కారుకు మారేవాడు వానకోసమే మారడం లేదు. పక్కింటివాళ్లు ఏమంటారో అన్నది కూడా ఆ ధరలో భాగమే. పాత స్విఫ్టు కొన్నా ఫరవాలేదు, కొత్త నానో వద్దనుకున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు.

ఇంతవరకూ చెప్పింది గొప్ప, గౌరవం, గుర్తింపు గురించి. కారు బంధంలో శరీరానికి సంబంధించిన భాగం వేరే ఉంది. నాకు అదే ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది.

1996లో జపాన్ శాస్త్రవేత్త అత్సుషీ ఇరికి బృందం కోతులకు చిన్న పార లాంటి కర్రతో దూరంగా ఉన్న తిండిని లాక్కోవడం నేర్పింది. కోతి తన చేతి చుట్టూ ఉన్న జాగాను గమనించడానికి వాడే కొన్ని నాడీకణాలు, కర్ర వాడిన తర్వాత కర్ర కొసదాకా ఉన్న జాగాకు కూడా స్పందించడం మొదలుపెట్టాయి. అంటే మెదడు గీసుకున్న శరీర పటంలోకి ఆ పనిముట్టు చేరిపోయింది. కారు నడిపేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల దగ్గర చీరల మూటలు మోసే బళ్ల మధ్య నుంచి కారును దూర్చేవాడు టేపు పెట్టి కొలుచుకోడు. ఎడమ అద్దం ఎక్కడిదాకా ఉందో తన మోచెయ్యి ఎక్కడుందో తెలిసినట్టే తెలుస్తుంది. బంపరుకు గీత పడితే ఒళ్లు గీసుకుపోయినట్టు 'స్స్' అంటాడు. అది నటన కాదు.

ఊయల సుఖం కూడా ఇందులో ఉంది. ఏడుపు ఆపని పసిపిల్లను కారులో వేసుకుని రాత్రిపూట వీధులు తిప్పే తండ్రులున్నారు. జెనీవాలో 2011లో 12 మంది పెద్దవాళ్లను మధ్యాహ్నం పూట మెల్లగా ఊగే మంచం మీద పడుకోబెట్టి చూస్తే, కదలని మంచం మీదకంటే త్వరగా నిద్రపట్టింది, గాఢంగానూ పట్టింది. చెవి లోపల సమతుల్యాన్ని చూసుకునే అవయవాలు ఆ కదలికను మెదడుకు అందిస్తాయి. అవే అవయవాలు యాక్సిలరేటరు తొక్కినప్పుడు వీపు సీటుకు అతుక్కునే ఆ చిన్న ఉత్సాహాన్నీ అందిస్తాయి. జోలపాట, జారుడుబల్ల రెండూ ఒకే సీట్లో దొరుకుతాయన్నమాట.

వాసన మరీ చిత్రమైనది. మిగతా ఇంద్రియాల సమాచారం థలమస్ అనే కూడలి మీదుగా మెదడు పైభాగాలకు వెళుతుంది. వాసన మాత్రం ఆ కూడలి దాకా వెళ్లకుండానే భావోద్వేగాలను, జ్ఞాపకాలను చూసుకునే భాగాల దగ్గరికి చేరగలదు. అందుకే మనం చిన్నప్పుడు ఎక్కిన అంబాసిడర్ సీటు రెగ్జిను, పెట్రోలు కలిసిన వాసన ఎక్కడో తగిలితే, కారుకంటే ముందు దాన్ని నడిపిన తాతయ్య గుర్తొస్తాడు. కొత్త కారు వాసన అని మనం మురిసిపోయేది ప్లాస్టిక్, జిగురు, సీటు కవర్ల నుంచి ఆవిరయ్యే రసాయనాల కలగూరగంప. వాటిలో బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి హానికరమైనవీ ఉంటాయి, ఎండలో నిలబెట్టిన కారులో ఎక్కువవుతాయి. ఎక్కగానే కాసేపు అద్దాలు దించమనేది అందుకే. ఇంకో సంగతి. చైనాలో ఈ వాసన చాలామందికి గిట్టదు. కొత్త కార్ల మీద ఫిర్యాదుల సర్వేల్లో అక్కడ అది ముందు వరసలో ఉండేది. ఫోర్డ్ కంపెనీ దాన్ని తొలగించే పద్ధతికి పేటెంటు కోసం దరఖాస్తు కూడా చేసింది. అంటే ఆ వాసనలో ఆనందం పుట్టుకతో రాలేదు. 'మన ఇంటికి కొత్త కారొచ్చింది' అన్న సంబరమే ముక్కుకు అలవాటైంది.

తలుపు చప్పుడు కూడా తనంతట తాను వచ్చేది కాదు. రేకు డబ్బా మోతలా కాకుండా బరువుగా, మెత్తగా 'దబ్' అనేలా గొళ్లెం, రబ్బరు అంచులు, తలుపు లోపలి పొరలు సరిచేయడానికి కార్ల కంపెనీల్లో ప్రత్యేకంగా ధ్వని నిపుణులుంటారు. షోరూములో మనం రెండుసార్లు తలుపు వేసి తీసి 'గట్టి బండి' అంటాం. ఆ మాట మన నోట రావాలనే వాళ్ల శ్రమంతా.

ఇక ముఖం. కొండగట్టు అంజన్న గుడి ముందు కొత్త బండ్లకు వాహనపూజ చేయించేటప్పుడు చూడండి, బొట్టు పెట్టేది ఎక్కడ? ముందు భాగంలో, సరిగ్గా మనిషికైతే నుదురు ఉండేచోట. దండ వేస్తాం, దిష్టి తీస్తాం, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. గుజరాతీలూ దసరాకు ఇంచుమించు ఇదే చేస్తారు. దిష్టి తగిలేది ముఖం ఉన్నదానికే కదా. వియన్నా విశ్వవిద్యాలయానికి చెందిన సోన్యా విండ్‌హాగర్ బృందం 2008లో 40 మందికి 38 కార్ల ముందు భాగాలు చూపించి, వాటి స్వభావాన్ని అంచనా వేయమంది. చాలామందికి హెడ్‌లైట్లు కళ్లలా కనిపించాయి. ఏ కారు పసిదానిలా ఉంది, ఏది మొరటుగా, పెద్దమనిషిలా ఉంది అన్నదాంట్లో వాళ్ల అభిప్రాయాలు బాగా కలిశాయి. ఎక్కువమంది ఇష్టపడింది మొరటువాటినే. మన రోడ్ల మీద ఎస్‌యూవీల ముఖాలు ఏటేటా ఎందుకు కళ్లు చిన్నవి చేసుకుని, నోరు పెద్దది చేసుకుంటున్నాయో ఊహించుకోవచ్చు.

ముఖం కనిపించాక ప్రాణం ఉన్నట్టు అనిపించడం ఎంతసేపు? 2010లో జెస్సీ చాండ్లర్, నార్బర్ట్ ష్వార్జ్ ఒక చిన్న ప్రయోగం చేశారు. కొందరిని తమ కారును ఒక మనిషిలా ఊహించుకుని దాని స్వభావం వర్ణించమన్నారు. అలా ఆలోచించినవాళ్లలో కారు మార్చాలన్న ఆసక్తి తగ్గింది. అంతకంటే ముఖ్యం, మార్చాలా వద్దా అన్నప్పుడు బండి ఎంత బాగా పనిచేస్తోందన్న సంగతికి వాళ్లు తక్కువ విలువ ఇచ్చారు. ఆలోచిస్తే న్యాయమే. ముసలివాడయ్యాడని స్నేహితుణ్ణి మార్చుకోం కదా. లాఠీ తాలూకా రైతు కుటుంబం చేసిందీ ఈ తర్కం ప్రకారమే. మనిషిగా చూసినదాన్ని తుక్కుకు వేయలేకపోయారు.

ఈ బంధాన్ని మెచ్చుకోవడానికి ఇదంతా రాయడం లేదు. దానికి చీకటి వైపు పెద్దదే. కారు మన శరీరమైతే, దానికి అడ్డొచ్చినవాడు మన మీదికి వచ్చినట్టే. అమెరికాలోని కొలరాడోలో విలియం జెమ్కో బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, స్టిక్కర్లు, అలంకారాలతో కారును బాగా 'తనది' చేసుకున్నవాళ్లు రోడ్డు మీద కోపాన్ని దూకుడుగా నడపడంలో చూపించే అవకాశం ఎక్కువ. స్టిక్కర్ మీద ఏం రాసి ఉందన్నది ముఖ్యం కాదు. 'శాంతి' అని రాసి ఉన్నా అంతే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కారు లోపల ఉన్నవాళ్లకు అది చల్లటి గది, పాటల పెట్టె, ఉమ్మడి ఇంట్లో దొరకని ఏకాంతం. బయట నడిచేవాడికీ, సైకిలు తొక్కేవాడికీ అది మీదికొచ్చే బరువు. లోపలి సుఖం ఎంత పెరిగితే బయటి మనిషి అంత దూరమవుతాడు.

కట్నం సంగతి చెప్పకుండా దాటేయడం కుదరదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 'అల్లుడికి కారు' అన్నది ఎంత మామూలు మాటైపోయిందో అందరికీ తెలుసు. అక్కడ మమకారం, గౌరవం, పక్కింటివాళ్ల చూపు అన్నీ కలిసి ఆడపిల్ల తండ్రి మెడకు ఉచ్చవుతాయి. చవక మోడల్ ఇచ్చారన్న దెప్పిపొడుపు వినే కోడళ్లకు నానో కథ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇంత బలమైన విషయాన్ని ప్రభుత్వాలు ఎలా చూస్తున్నాయి? పాత వాహనాలను తుక్కుగా మార్చే విధానాన్ని ప్రధానమంత్రి 2021 ఆగస్టులో గుజరాత్ పెట్టుబడిదారుల సదస్సులో ప్రారంభించారు. పాత బండిని గుర్తింపు పొందిన కేంద్రంలో ఇస్తే ఒక ధ్రువపత్రం ఇస్తారు. దాంతో కొత్త బండి కొంటే వ్యక్తిగత వాహనాలకు రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చు. మరోపక్క 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5000కు పెంచారు. ఒక చేత్తో బెల్లం, ఒక చేత్తో కర్ర. రెండూ జేబుతోనే మాట్లాడుతున్నాయి. 2025 జులైలో ఢిల్లీలో కాలం తీరిన వాహనాలకు పెట్రోలు పోయొద్దని అమలు మొదలుపెడితే జనం ఎంతగా మండిపడ్డారంటే, కొద్ది రోజుల్లోనే దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. బండి కండిషన్ చూడకుండా వయసు చూసి తీసేస్తారా అన్న వాదనలో న్యాయం ఉంది. కానీ ఆ కోపంలో వినిపించింది ఆ వాదన ఒక్కటే కాదు.

తుక్కు కేంద్రంలో ఇస్తే ఆ వ్యాగన్ ఆర్ ఉక్కు, అల్యూమినియం, రాగి మళ్లీ వాడకంలోకి వచ్చేవి. మట్టిలో అవి వృథా. అలాంటప్పుడు ఆ కేంద్రాల్లో మమకారానికి కాస్త చోటిస్తే తప్పేమిటి? స్టీరింగు చక్రమో, గేరు మీటో, వెనక రాసి ఉన్న మోడల్ పేరో ఊడదీసి యజమాని చేతికివ్వవచ్చు. కుటుంబమంతా వచ్చి చివరి ఫోటో దిగడానికి ఒక మూల చోటివ్వవచ్చు. కావాలంటే కొబ్బరికాయ కొట్టుకోనివ్వవచ్చు. నవ్వులాటగా అనిపించవచ్చు గానీ ఇది పరీక్షించదగ్గ ఊహ. కొన్ని కేంద్రాల్లో ఈ ఏర్పాటు చేసి, కొన్నింట్లో చేయకుండా, ఎక్కడ ఎక్కువ బండ్లు వచ్చాయో ఏడాది పాటు లెక్కపెడితే చాలు. పన్ను రాయితీకంటే ఖర్చు తక్కువ.

పైన చెప్పిన పరిశోధనలన్నీ నెదర్లాండ్స్, ఆస్ట్రియా, అమెరికా, జపాన్, స్విట్జర్లాండ్‌లవి. అక్కడి ప్రశ్నావళిలో కారు ఎక్కువగా ఒక మనిషి స్వేచ్ఛ, వేగం, ఒంటరి ఆనందం. మన దగ్గర కారు అంటే కుటుంబం, ఈఎంఐ, పెళ్లి, ఊరు, కులం, గుడి. 2011 జనగణన నాటికి దేశంలో నూటికి 5 ఇళ్లలో కూడా కారు లేదు. అందుకే మొదటి కారు ఆ ఇంటి చరిత్రలో తేదీ వేసి గుర్తుపెట్టుకునే ఘటన అవుతుంది. దీన్ని పరిశీలించడానికి సూరత్‌కు మించిన ఊరు దొరకదనుకుంటాను. దీపావళి కానుకగా కారు అందుకున్న వజ్రాల కార్మికుణ్ణీ, అదే ఊళ్లో ఇరవై ఏళ్లు మగ్గం నడిపి ఇంకా సిటీ బస్సులోనే తిరిగే మన నేతన్ననూ ఒకే ప్రశ్నలు అడగవచ్చు.

బస్సు మాట వచ్చింది కాబట్టి. మనకు మమకారం సొంత బండి మీదే పుడుతుందనుకుంటే పొరపాటు. దసరాకు ఆర్టీసీ డిపోల్లో బస్సులకు మామిడాకులు కట్టి, పూజ చేసే డ్రైవర్లను చూడండి. ఎర్రబస్సు అనగానే కిటికీ పక్క సీటు, సెలవులు, అమ్మమ్మ ఊరు గుర్తొచ్చే తరం ఇంకా ఉంది. అదే భాషలో 'ఎర్రబస్సెక్కి వచ్చినవాడు' అంటే తిట్టు. జ్ఞాపకం ఒకవైపు లాగుతుంది, హోదా ఇంకోవైపు తోస్తుంది. ఇన్నాళ్లూ హోదాయే గెలుస్తూ వచ్చింది, ఎందుకంటే కారువైపు డబ్బు పెట్టి, నిపుణులను పెట్టి మన ఇంద్రియాలతో మాట్లాడేవాళ్లున్నారు. బస్సువైపు ఎవరూ లేరు.

సూరత్‌లో 2014 నుంచి బీఆర్‌టీఎస్ బస్సులకు ప్రత్యేక దారులున్నాయి, వంద కిలోమీటర్లు దాటాయి. 2021లో శంకుస్థాపన చేసిన మెట్రో 40 కిలోమీటర్ల మేర కడుతున్నారు. ఇలాంటి ప్రాజెక్టుల గురించి మాట్లాడినప్పుడల్లా వినిపించేవి కిలోమీటర్లు, కోట్లు, రోజుకు ఎంతమంది ఎక్కుతారన్న అంచనాలు. సీటు ఎంత మెత్తగా ఉంది, లోపల ఏ వాసన వస్తుంది, ముందు భాగం ఏ ముఖంలా ఉంది, తలుపు మూసుకుంటే ఎలాంటి చప్పుడవుతుంది అని అడిగేవాళ్లు ఆ బల్ల దగ్గర ఒక్కరైనా కూర్చోవాలి. కార్ల కంపెనీల బల్ల దగ్గర వాళ్లు ఎప్పటి నుంచో కూర్చున్నారు.